నాలుగింటికి మూలిగే పాలకేంద్రం

మంచుదేశంలో ఉన్న మా ఊరు కోర్పిపెరాలో పాత పాలకేంద్రానికి ఏనాడూ మంచి పేరు లేదు.

రోడ్డు మలుపులో ఉంటుంది అది. రాతి గోడలు, ఒకే ఒక్క కిటికీ, గుర్రబ్బండి పట్టేంత తలుపు. డెబ్బై ఏళ్ళ కిందట అక్కడ పాలు కొలిచే హిల్యా అనే మనిషి పాలలో నీళ్ళు కలుపుతోందని ఊరు నింద వేసింది. ఒకనాటి తెల్లవారుజామున ఆమె పాల క్యాన్లు చల్లార్చే తొట్టిలో తేలింది. నీళ్ళు కలిపిందెవరో ఆ తర్వాత బయటపడింది. పేరు చెప్పను. మనవళ్ళు ఊళ్ళోనే ఉన్నారు, చలికాలం మా వాకిట్లో మంచు తోసేది వాళ్ళే.

అప్పట్నుంచి ఆ మలుపులో గుర్రాలు బెదిరేవన్నారు. గుర్రాలు పోయాక కార్లు జారుతున్నాయన్నారు. మంచు పడ్డ మలుపులో కారు జారక ఎగురుతుందా? అంటే ఎవరు వింటారు!

అసలు భయం మాత్రం ఈ ఏడే మొదలైంది... పాలకేంద్రం పక్కింటి ఆర్నే పోయాక.

మాకు డిసెంబరులో రాత్రి అంటే మధ్యాహ్నం మూడింటికే దిగిపోతుంది. దెయ్యాలు అర్ధరాత్రిదాకా నిద్ర కాయాల్సిన పని లేదు. సరిగ్గా నాలుగింటికి — నిమిషం అటూ ఇటూ కాకుండా — పాలకేంద్రం కిటికీలో నీలం వెలుగు వచ్చేది. దాంతోపాటు ఒక మూలుగు. సన్నగా... సాగదీసి... ఎవరినో బయట పెట్టి తలుపేసుకుంటే వాళ్ళు గడప దగ్గర ఏడ్చినట్టు. ఆరింటికి వెలుగు ఆరిపోయేది. మూలుగూ ఆగిపోయేది.

మొదట చూసింది బ్రెడ్డు వ్యాను డ్రైవరు. అతని మాట ఎవరూ నమ్మలేదు. తర్వాత పాస్టరుగారు చూశారు. ఆయన ఏమీ చూడలేదన్నారు. అప్పుడు అందరూ నమ్మారు.

ఆర్నే బతికున్నన్నాళ్ళూ సాయంత్రాలు ఆ పాలకేంద్రంలోనే గడిపాడు. అది వాళ్ళ వాకిటికి ఆనుకునే ఉంటుంది. ఇంట్లో ఫిరంగుల మోత పడలేనని భార్య హెల్వీ తరిమేస్తే, కంప్యూటరు ఎత్తుకెళ్ళి అక్కడ పెట్టుకుని ట్యాంకుల ఆట ఆడుకునేవాడు. అక్టోబరులో, దుప్పుల వేట మొదలైన మూడో రోజు, బూట్లు తొడుక్కుంటూ ఒక బూటుతోనే పోయాడు. అంత్యక్రియల మర్నాడే హెల్వీ పాలకేంద్రానికి పోయే ఫ్యూజు పీకేసి, ఆ సంగతి కొట్లో నలుగురి ముందూ చెప్పింది. అంటే అక్కడ కరెంటు లేదు.

కరెంటు లేని గదిలో వెలుగు. ఇంక ఆ దారిన ఎవరు పోతారు?

ఇల్మో పోయాడు. పోవాల్సి వచ్చింది.

ఇల్మో అంటే మలుపు దాటాక మూడో ఇల్లు. యాభై నాలుగేళ్ళు. ఒంటరి. చెట్లు కోసే రంపాలు బాగుచేస్తాడు. ఆయన చేతిలో పడ్డ రంపం మొరాయించదు. ఆయన నోట్లో పడ్డ నిజం మాత్రం బయటికి రాదు — ఇది నా మాట కాదు, ఆర్నే మాట.

వాళ్ళిద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఆర్నేకి ముర్రి అనే బూడిదరంగు వేటకుక్క ఉండేది. దుప్పి జాడ తీయడంలో చుట్టుపక్కల నాలుగూళ్ళలో దానికి సాటి లేదు. ఒకనాడు వేటలో, పొగమంచు దిగిన వేళ, అది కనిపించకుండా పోయింది. ఆ పక్క కాపు కాస్తున్నది ఇల్మో ఒక్కడే. “తోడేలు,” అన్నాడు. “తోడేలు ఎత్తుకుపోయింది. నా కళ్ళతో చూశాను.” ఆ ఏడు కోపం పట్టలేక మావాళ్ళు అర్జీలు పెట్టి, అనుమతి తెచ్చుకుని, ఒక తోడేలుని కాల్చేశారు. పాపం, అది ఏ ఊరి తోడేలో!

ఆర్నే మాత్రం నమ్మలేదు. మూడు చలికాలాలు అడవంతా వెతికాడు. వేటకి పెద్ద ఆయనే. ఇల్మోని మళ్ళీ పిలవలేదు. ఆయన పిలవని మనిషిని ఇంకెవరూ పిలవలేదు. పదకొండేళ్ళు ఇల్మో ఇంటి ఫోను మోగిందంటే అది రంపం కోసమే.

ఆర్నే పోయాక ట్యాంకుల జట్టులో ఒక చోటు ఖాళీ అయింది.

నవ్వకండి. మా ఊళ్ళో ఆ జట్టంటే మాటలు కాదు. ఏటా క్రిస్మస్ ముందరి శనివారం మా ఊరి ఐదుగురికీ దిగువ ఊరి ఐదుగురికీ పోటీ. ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని, చెవులకి మైకులు తగిలించుకుని, రాత్రి ఏడింటికి మొదలుపెడతారు. ఓడిన ఊరు ఏడాదిపాటు గెలిచిన ఊరి నోట్లో నలుగుతుంది. మేం మూడేళ్ళుగా నలుగుతున్నాం.

జట్టు నాయకురాలు సైమీ. చర్చిలో గంట కొడుతుంది, కొవ్వొత్తులు తుడుస్తుంది. అరవై ఒకటో ఏడు. ట్యాంకు తోలితే మాత్రం కనికరం లేదు. మనిషి దొరక్క, ఇష్టం లేకపోయినా, ఇల్మోకి ఫోను చేసింది. ఆయన పదకొండేళ్ళలో మొదటిసారి గడ్డం గీసుకుని, ఒంటరిగా, తన వంటింట్లో కూర్చుని సాధన ఆట ఆడాడు.

రెండు నిమిషాలకే సైమీ అందుకుంది.

“ఇల్మో, అది ట్యాంకు తోలడమా, పెళ్ళి ఆల్బం తిరగెయ్యడమా?”

“బొమ్మ కొంచెం ఆగి ఆగి కదులుతోంది...”

“ఎంతసేపటికి కదులుతోంది?”

“మూడు సెకన్లకి.”

“దిగువ ఊరివాళ్ళు రెండు సెకన్లకే కాలుస్తారు. నీ కంప్యూటరు ఎప్పటిది, నాయనా?”

“పన్నెండేళ్ళయింది. మంచి కంప్యూటరే. బొమ్మ గీసే కార్డు ఒక్కటే పాతబడింది.”

“శనివారానికి మార్చు. లేదంటే పాస్టరుగారిని తీసుకుంటాం.”

“పాస్టరుగారికి గురే లేదు కదా!”

“గురి లేకపోయినా ఆయన బొమ్మ కదులుతుంది. ఇంకో మాట. నాలుగింటికీ ఆరింటికీ మధ్య మాత్రం మన మాటల గదిలోకి రాకు.”

మైకుల్లో ఒకరి మాట ఒకరు వినే చోటుని వాళ్ళు మాటల గది అంటారు. గోడలూ కప్పూ లేని గది అది.

“ఎందుకు రాకూడదు?”

“వద్దంటే వద్దు. చెప్పిన మాట వినడం నేర్చుకో.”

అది మంగళవారం. కార్డులమ్మే దుకాణం మా దగ్గర్నుంచి నూట నలభై కిలోమీటర్లు. ఫోను చేస్తే ఇల్మో కంప్యూటరుకి సరిపోయేది లేదన్నారు, తెప్పిస్తే వచ్చే వారమన్నారు. ఊళ్ళో మంచి కార్డు ఒక్కటే ఉంది. మొన్న వేసవిలో కొన్నది. పాలకేంద్రంలో ఆర్నే కంప్యూటరులో.

ఇల్మో రెండు రాత్రులు ఆలోచించాడు. కార్డు లేకపోతే శనివారం పాస్టరుగారు ఆడతారు. ఆ తర్వాత ఎప్పటిలాగే ఫోను రంపాల కోసం మోగుతుంది. చచ్చేదాకా అంతే.

గురువారం వెళ్ళి హెల్వీ తలుపు తట్టాడు.

పొయ్యి మీద కాఫీ కాగుతోంది. హెల్వీ బల్ల దగ్గర కూర్చుని ఊలు అల్లుతోంది. లేవలేదు. కప్పు తియ్యలేదు. మా దగ్గర శత్రువుకైనా ముందు కాఫీ పోసి తర్వాత తిడతారు. కాఫీ పొయ్యలేదంటే శత్రుత్వం దాటి ఇంకో మెట్టు ఎక్కినట్టు.

“హెల్వీ గారూ, మీతో చిన్న పని పడిందండీ.”

“గారూ, అండీ ఏమిటి? నేనేమన్నా పాస్టరు భార్యనా?”

“ఆర్నే కంప్యూటరులో కార్డు ఉంది కదా... అది ఊరికే పడుంది కదా అని...”

“పాతిపెట్టేటప్పుడు రాలేదు నువ్వు.”

“జలుబు చేసింది.”

“పదకొండేళ్ళ జలుబు.”

ఇల్మో తల దించుకున్నాడు. తలుపు పక్కన నేల మీద ఒక ఇనప గిన్నె ఉంది. కడిగి బోర్లించి ఉంది. ముర్రి గిన్నె. ఆయన కాలు దానికి తగలబోయి చటుక్కున వెనక్కొచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. హెల్వీ చూసింది. ఊలు సూదులు ఒక్క క్షణం ఆగాయి.

“తీసుకో,” అంది.

“ఎంతివ్వమంటారు?”

“డబ్బెవడికి కావాలి? రేపు పావు తక్కువ నాలుక్కి వెళ్ళు. తాళంచెవి తలుపు పైన గూట్లో పెడతాను. ఆయన కుర్చీలో కూర్చుని, ఆయనతో చెప్పాల్సిందేదైనా ఉంటే చెప్పు. లేకపోతే మరలు విప్పుకుని పో.”

“పావు తక్కువ నాలుగా? పొద్దున పదింటికి వెళ్తాను. వెలుతురుంటుంది.”

“పొద్దున తాళంచెవి నా దగ్గరుంటుంది.”

“అది కాదు హెల్వీ... నాలుగింటికి అక్కడేదో వెలుగుతుందని జనం...”

“ఫ్యూజు పీకింది నేను. ఏం వెలుగుతుంది?” అని సూదుల్లోకి తల వంచేసింది. “ఏం, నీకు ఆయనంటే భయమా?”

లేదన్నాడు. లేదనక ఏమంటాడు?

శుక్రవారం. సున్నాకి కింద ఇరవై ఎనిమిది డిగ్రీలు. చెట్లు చలికి పటపటమంటున్నాయి. ఇల్మో నుదుటికి లైటు కట్టుకుని, జేబులో మరతిప్పు వేసుకుని బయల్దేరాడు. దారంతా తనకి తను నచ్చజెప్పుకున్నాడు. కరెంటు లేదు. కరెంటు లేనిచోట ఏదీ వెలగదు. చచ్చినవాడు చచ్చాడు.

కిటికీ కింద మంచులోంచి పసుపురంగు తీగ ఒకటి హెల్వీ వాకిలి వైపు పాకి పోతోంది. దాటాడు. చలికాలం మా ఊళ్ళో తీగల్ని ఎవరూ చూడరు, కాలు తగలకుండా దాటతారు, అంతే.

తాళం తీశాడు. లోపల బయటికంటే ఎక్కువ చలి. రాతి నేల. మూల ఆ పాత తొట్టి. మధ్యలో బల్ల, తెర, కుర్చీ. కుర్చీ వీపుకి ఆర్నే స్వెట్టరు. మేకుకి వేలాడుతున్న చెవి మైకు. గోడ మీద ముర్రి ఫోటో. నాలుక బయటపెట్టి... సూటిగా చూస్తోంది.

ఇల్మో లైటు పక్కకి తిప్పేశాడు.

కుర్చీలో కూర్చోలేదు. ఏమీ చెప్పలేదు. బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని కంప్యూటరు పెట్టె పక్క రేకు విప్పాడు. పెట్టె ఇనుము వేళ్ళకి అతుక్కుంటోంది. అంత చల్లగా ఉంది. చచ్చిపోయి చాలా కాలమైన చలి. ఊలు బట్టలకి పట్టే మెరుపు కార్డుని మాడ్చేస్తుందని తెలుసు కనుక, అది ఒంట్లోంచి దిగిపోయేలా ముందు నీళ్ళ గొట్టాన్ని ముట్టుకున్నాడు. పనివాడు పనివాడే.

కార్డు కనిపించింది. నల్లగా, రొట్టె అంత పొడవు. మూడు చిన్న పంకాలు. రెండు మరలు.

మొదటిది వచ్చేసింది.

రెండోది బిగుసుకుపోయింది. తిప్పాడు. కదల్లేదు. ఊపిరి తెల్లగా ముఖానికి అడ్డం పడుతోంది. మరతిప్పు జారింది. మళ్ళీ పెట్టాడు... ఒక్క చుట్టు... ఇంకొక్క...

టక్.

బయట ఎక్కడో. చాలా చిన్న చప్పుడు.

వేళ్ళ ముందున్న పంకాలు కదిలాయి.

ఒకటి... రెండు... మూడు. వాటి చుట్టూ నీలం వెలుగు లేచి గది రాళ్ళ మీద పరుచుకుంది. తెర తెల్లగా కళ్ళు తెరిచింది. ఇల్మో చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. లేవబోయాడు. మరతిప్పు ఎక్కడ పడిందో తెలీదు.

అప్పుడు... మోకాళ్ళ మీద వెచ్చగా ఏదో తగిలింది.

ఊపిరి. బల్ల కింద చీకట్లోంచి. ఆగకుండా... వెచ్చటి ఊపిరి.

ఆ తర్వాత మూలుగు మొదలైంది. గదిలోనే. తన మోకాళ్ళకి మూరెడు దూరంలో. సన్నగా, సాగదీసి, గడప దగ్గర ఏడ్చినట్టు. ఆ మూలుగు ఇల్మో ఇంతకుముందొకసారి విన్నాడు. పదకొండేళ్ళ కిందట, పొగమంచులో. అప్పుడది ఎక్కువసేపు సాగలేదు.

తెర మీద పెద్ద అక్షరాలతో పేరు వచ్చింది. ఆర్నే.

మేకుకి వేలాడుతున్న మైకులోంచి ఎవరో గుసగుసగా పిలిచారు.

“ఆర్నే... నువ్వేనా?”

ఇల్మో బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

“ఆర్నే...” గుసగుస వణికింది. “ముర్రి దొరికిందా నీకు?”

అంతే. పదకొండేళ్ళు బిగించి పెట్టిన మర ఊడిపోయింది.

“దొరకలేదు!” అని ఇల్మో కేక పెట్టాడు. “ఎలా దొరుకుతుంది, ఆర్నే! అది అడవిలో లేదు! రోడ్డు మీది మూడో తూము కింద ఉంది, రాళ్ళ కింద... నేనే పెట్టాను! పొగమంచులో బూడిదరంగు ఏదో కదిలింది, దుప్పి దూడ అనుకున్నాను... అనుకుని కాల్చాను... దగ్గరికెళ్తే నన్ను చూసి తోకాడించింది, ఆర్నే! తోకాడించింది! మెడపట్టీ తీసి ఏట్లో పారేశాను. తోడేలు లేదు. తోడేలన్నదే లేదు. నన్నొదిలెయ్! దాన్ని అవతలికి పిలువు! నీ కాళ్ళు పట్టుకుంటాను, దాన్ని నా దగ్గర్నుంచి పిలువు!”

గది మూలిగింది.

తర్వాత గుసగుస పోయి, చర్చి గంటలాంటి సైమీ మామూలు గొంతు ఖంగుమంది.

“ఆర్నే కాదర్రా. ఇది ఇల్మో!”

వెనక తలుపు తెరుచుకుంది. గడపలో హెల్వీ నిలబడి ఉంది. ఒక చేతిలో లాంతరు. ఇంకో చేతిలో గడ్డపార. భుజం మీద పార.

“మూడో తూమా, నాలుగోదా?” అంది. “దారిలో చెబుదువుగానీ, లే.”

ఇందులో దెయ్యం ఎక్కడుందని అడుగుతారు. చెప్తాను.

మా ఊళ్ళో ప్రతి వాకిట్లోనూ కారుకొక కరెంటు స్తంభం ఉంటుంది. దానికొక గడియారం. చలికి ఇంజను గడ్డకట్టకుండా, బయల్దేరే వేళకి రెండు గంటల ముందు అది టక్కుమని తనంతట తానే కరెంటు వదులుతుంది, వేళ దాటాక ఆపేస్తుంది. చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఆర్నే తన కంప్యూటరుని కూడా కారులాగే చూసుకున్నాడు. చల్లటి కంప్యూటరుని ఉన్నపాటున లేపకూడదని ఆయన నమ్మకం. అందుకే పసుపు తీగ లాగి, ఫ్యూజుతో పని లేకుండా స్తంభానికి తగిలించాడు. నాలుగింటికి కరెంటు రాగానే బల్ల కింద చిన్న హీటరు వెచ్చగా ఊదుతుంది. కంప్యూటరు లేస్తుంది. ఆట తెరుచుకుంటుంది. మాటల గదిలోకి ఆర్నే పేరు తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. గొడ్లకి మేత వేసి, కాఫీ తాగి ఆయన వచ్చేసరికి అంతా వెచ్చగా సిద్ధంగా ఉండేది. ఆరింటికి స్తంభం తీగ పీకి, గోడలో గుచ్చి, వెచ్చబడ్డ కంప్యూటరుని మళ్ళీ లేపి ఆడుకునేవాడు.

మనిషి పోయాడు. గడియారానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మూలిగింది కార్డే. బరువు పడితే కొన్ని కార్డుల్లో రాగి చుట్లు సన్నగా అరుస్తాయి. అంతకంటే ఏమీ లేదు.

హెల్వీ అబద్ధమాడలేదు. ఫ్యూజు పీకింది నిజమే. తర్వాత కిటికీలో వెలుగు చూసి, తీగ వెంబడి నడిచి, స్తంభం దగ్గరికొచ్చి... గడియారం ఆపడానికి చెయ్యెత్తి దించేసింది. రోజూ నాలుగింటికి కిటికీ వెలిగితే ఆమెకి అలవాటు మరి. ఇంతలో సైమీ ముఖం పాలిపోయి వచ్చింది. రోజూ నాలుగింటికి ఆర్నే పేరు గదిలోకి వస్తోందనీ, వెనకాల కుక్క ఏడుస్తోందనీ, జట్టంతా ఆ వేళకి పారిపోతోందనీ చెప్పింది. హెల్వీ కాఫీ పోసింది, జాలిపడింది, ఒక్క ముక్క విప్పలేదు. గురువారం సాయంత్రం మాత్రం సైమీకి ఫోను చేసింది. “రేపు నాలుగింటికి పారిపోకండి. నలుగురూ ఉండండి. ముర్రి దొరికిందా అని అడుగు.”

దెయ్యాలకి జాలి ఉండొచ్చు. హెల్వీ లాంటి మనిషికి అలాంటివేమీ ఉండవు.

మూడో తూము దగ్గర నేల ఇనుములా ఉంది. ఇల్మో తవ్వాడు. హెల్వీ లాంతరు పట్టుకుంది. రాళ్ళు కదలడానికి గంట పట్టింది. దొరికింది కాస్తే. ఆమె దాన్ని ఆర్నే స్వెట్టరులో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది.

“రెండో మర పొద్దున విప్పుకో,” అంది. “గడియారం ఆపేస్తాను. ఇస్తానన్నది ఇస్తాను.”

ఇల్మో ఏదో అనబోయాడు.

“నాతో కాదు. చెప్పాల్సినాయనతో చెప్పావుగా.”

ఇంటిదాకా కలిసే నడిచారు. కాఫీ మాత్రం పొయ్యలేదు.

శనివారం పొద్దున కార్డు ఇల్మో ఇంటికి చేరింది. చలిలోంచి వెచ్చటి గదిలోకి వచ్చిన కళ్ళద్దాల్లా దానికి చెమ్మ పట్టకుండా, తువ్వాల్లో చుట్టి మధ్యాహ్నందాకా ఆగాడు. తర్వాత చూస్తే కార్డు పాత పెట్టెకంటే రెండు వేళ్ళు పొడవు. రంపాలవాడికి అదొక లెక్కా? లోపలి రేకు కోసేశాడు. పెట్టెలోని పాత కరెంటు డబ్బాకి కొత్త కార్డు ఆకలి తీర్చే తీగలు లేవు. మళ్ళీ వెళ్ళి, హెల్వీ కిటికీ లోంచి చూస్తుండగా, ఆర్నే డబ్బా కూడా పట్టుకొచ్చాడు. సాయంత్రానికి బొమ్మ నీళ్ళలా కదిలింది.

జట్టు అతన్ని వెళ్ళగొడుతుందనుకున్నారు అందరూ. సైమీ తేల్చేసింది. “ఐదుగురు కావాలి. పాస్టరుగారికి గురి లేదు. ఆడనిద్దాం. మాట్లాడొద్దు.”

ఏడింటికి పోటీ మొదలైంది. ఇల్మోతో వాళ్ళు అన్నవి మూడే మాటలు. ఎడమ. కుడి. కాల్చు. ఆయన ఎడమంటే ఎడమ, కుడంటే కుడి, కాల్చమంటే గురి తప్పకుండా కాల్చాడు. కాల్చడం ఎప్పుడూ బాగానే వచ్చు. దిగువ ఊరివి మూడు ట్యాంకులు తగలబడ్డాయి. ఇంక రెండే.

అప్పుడు వంటింట్లో మూలుగు మొదలైంది. సన్నగా... సాగదీసి...

ఇల్మో వేళ్ళు ఆగాయి. కార్డే, అనుకున్నాడు. రాగి చుట్లు. రంపం మోటార్లలో వెయ్యిసార్లు విన్నదే.

“ఇల్మో,” అంది సైమీ మైకులో. “నీ కుక్క ఏడుస్తోంది.”

“నాకు కుక్క లేదు.”

“ఉంది. తలుపు దగ్గరుంది. చలికి చచ్చిపోతుంది పాపం, తలుపు తియ్యి.”

నలుగురూ నవ్వారు. నవ్వి ఆపేశారు. మూలుగు ఆగలేదు. ఇల్మో ఆడాడు. ఎడమ. కుడి. మూలుగు పెద్దదైంది. చెవి మైకు తీసి బల్ల మీద పెట్టాడు. అప్పుడు అర్థమైంది. అది పెట్టెలోంచి రావట్లేదు... వెనకనుంచి వస్తోంది.

తెర మీద పోటీ సాగుతూనే ఉంది. బల్ల మీదనుంచి సైమీ అరుపు సన్నగా వినిపిస్తోంది. “ఇల్మో! కాల్చు! ఏం చేస్తున్నావ్, కాల్చు!” లేచాడంటే ట్యాంకు పోతుంది. ట్యాంకు పోతే పోటీ పోతుంది. పోటీ పోతే చోటు పోతుంది. మళ్ళీ ఎవరూ పిలవరు.

ఇల్మో లేచాడు. వెళ్ళి తలుపు తీశాడు.

బయట ఎవరూ లేరు. చీకటి, మంచు. చలి ఇంట్లోకి తెల్లగా పొగలా దూరింది. కాసేపు అలాగే నిలబడి, ఒక్కరు లోపలికి వచ్చేంత వ్యవధి ఇచ్చి, తలుపు వేశాడు.

మూలుగు ఆగిపోయింది.

మేం నాలుగో ఏడూ ఓడిపోయాం. ఆ తర్వాత సంగతి ఇల్మో ఒక్క సైమీకే చెప్పాడు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని. అంటే ఊరందరికీ తెలుసు.

తగలబడిన ట్యాంకు ముందుకి తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాట్ట. బల్ల కింద, పిక్కల మీద, వెచ్చగా ఊపిరి తగిలిందట. ఇప్పటికీ రోజూ తగులుతుందట.

హీటరు కదా అన్నాను నేను.

హీటరు తేలేదు, అంది సైమీ. హీటరు ఇంకా హెల్వీ దగ్గరే ఉంది.